వైద్యం దయా? హక్కా?
దేశానికి ఒక ఆరోగ్య చట్టం ఎందుకు కావాలి



మీరు ఈ పుస్తకం చేతిలోకి తీసుకున్నారంటే మీవాళ్లెవరో లోపల మంచం మీద ఉన్నారన్నమాట. మీ పక్కన ఒక ప్లాస్టిక్ కవరు కూడా ఉండే ఉంటుంది. అందులో ఓపీ చీటీ, రక్తపరీక్ష రిపోర్టులు, ఎక్స్‌రే, మందుల బిల్లులు, కార్డు జిరాక్సు కాగితాలు. ఆ కవరును ఒక్కసారి తెరవండి. మనం నేర్చుకోబోయే పాఠం అందులోనే ఉంది.

చీటీ మీద డాక్టరు గారి పేరు కింద ఒక రిజిస్ట్రేషన్ నంబరు కనబడుతుంది. అది రాష్ట్ర వైద్య మండలి ఇచ్చినది. ఆ మండలికి పైన 2019 చట్టంతో ఏర్పడిన జాతీయ వైద్య కమిషన్ ఉంది. మందుల బిల్లు వెనుక 1940 నాటి ఔషధాల చట్టం ఉంది. అయితే ఆ మందు ధర నిర్ణయించేది ఆ చట్టం కాదు. నిత్యావసర సరుకుల చట్టం కింద 2013లో వచ్చిన ధరల నియంత్రణ ఉత్తర్వు అది. ఇంట్లో గర్భిణి ఉండి స్కానింగు తీయించి ఉంటే అక్కడ నింపిన ఫారం 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టానిది. వార్డులో చెత్తను పసుపు, ఎరుపు సంచుల్లో వేరుచేసి వేస్తున్నారు కదా, ఆ నియమాలు 2016లో పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చాయి. ప్రైవేటు ఆసుపత్రి గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఇచ్చినది. ఇక ఆపరేషనుకు ముందు మీచేత సంతకం చేయించే అంగీకార పత్రంలో ఏమేమి చెప్పాలో ప్రధానంగా సుప్రీంకోర్టు 2008లో ఇచ్చిన తీర్పును బట్టి నడుస్తోంది.

ఒక్క కవరులో ఇన్ని చట్టాలు! “ఇన్ని ఉండగా ఇంకొకటి ఎందుకండీ?” అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. కాని ఒక సంగతి గమనించండి. ఈ చట్టాలలో ప్రతి ఒక్కటీ డాక్టరు ఎలా ఉండాలో, మందుల షాపువారు ఎలా అమ్మాలో, స్కానింగు కేంద్రం ఏమి చేయకూడదో చెబుతుంది. జబ్బు చేసిన మనిషికి ఈ దేశంలో కనీసం ఇంత వైద్యం అందాలి, అందకపోతే ఫలానా అధికారి ఇన్ని రోజుల్లో జవాబు చెప్పాలి అని దేశమంతటికీ కలిపి చెప్పే చట్టం ఒక్కటీ లేదు. మంచం మీద ఉన్నవారి వైపు నుంచి మొదలయ్యే చట్టం లేదన్నమాట. ఆ లోటు గురించే ఈ వ్యాసం.

తలుపు తట్టినప్పుడు ఎవరు తీయాలి?

గన్నవరం మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. రాత్రి ఏ వేళకు మెలకువ వచ్చినా లారీల మోత వినిపిస్తూనే ఉంటుంది. ఈ రోడ్డు మీద ప్రమాదం జరిగితే దగ్గరలో ఉన్న ఆసుపత్రి చేర్చుకోవలసిందేనా? చేర్చుకోవలసిందే. 1989లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. పోలీసులు రావాలి, కాగితాలు కావాలి అని ఆపకూడదు; ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ముందు ప్రాణం కాపాడాలి.

మరి ఆ తీర్పు వచ్చాక అంతా సవ్యంగా జరిగిందా? 1992 జూలైలో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి జారిపడ్డాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంవారు తమవల్ల కాదని పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ మంచం ఖాళీ లేదన్నారు. ఇంకోచోట తగిన సౌకర్యం లేదన్నారు. అలా కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రులన్నీ ఒకదాని తరువాత ఒకటి తిప్పి, చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చి సొంత డబ్బు పెట్టుకున్నారు. మన దగ్గర కూడా తోడు వచ్చినవారు అంబులెన్సులో కూర్చుని ఇటువంటి రాత్రి గడపడం కొత్త కాదు. ఆయన, ఆయన సంఘం కోర్టుకు వెళ్లారు. 1996 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, అత్యవసర వైద్యం అందించకపోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని చెప్పింది. డబ్బు చాలదన్న సాకు ప్రభుత్వానికి చెల్లదని కూడా చెప్పింది. ఆయనకు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది.

ఎంత మంచి తీర్పు! కాని ఒక్కసారి లెక్క వేయండి. ఆయన పడిపోయింది 1992లో, తీర్పు వచ్చింది 1996లో. తీర్పు అనేది జరిగిపోయిన దానికి ఇచ్చే న్యాయం. రాత్రి రెండు గంటలకు క్యాజువాలిటీ ముందు నిలబడిన మీకు కావలసింది తీర్పు కాదు, అప్పటికప్పుడు పనిచేసే ఏర్పాటు. డ్యూటీలో ఉన్నవారికి తమ బాధ్యత ఏమిటో ముందే రాసి ఉండాలి. ఆ ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేలి ఉండాలి. అది చేయగలిగింది చట్టం.

రోడ్డు ప్రమాదాల విషయంలో కొంత మేలు జరిగిందనే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం కింద 2025 మే నెలలో కేంద్రం ఒక పథకం ప్రకటించింది. దాని ప్రకారం ప్రమాదంలో గాయపడినవారికి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయల దాకా డబ్బు కట్టించుకోకుండా వైద్యం చేయాలి. మంచిదే. కాని బండి గుద్దితే ఒక చట్టం తోడు వస్తుంది, గుండెపోటు వస్తే? పురిటి నొప్పులు అడ్డం తిరిగితే? గట్టు మీద నడుస్తుంటే పాము కరిస్తే? 2018 వర్షాకాలంలో దివిసీమలో పాముకాట్లు జనాన్ని ఎంత కలవరపెట్టాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రాణం పోయే ప్రమాదం ఒకటే అయినప్పుడు, ఏ కారణం చేత వచ్చిందో చూసి హక్కు మారడం ఏమి న్యాయం?

కార్డు మీద బొమ్మ మారుతుంది, జబ్బు మారదు

మన రాష్ట్రం గురించి మాట్లాడేటప్పుడు గర్వంగా చెప్పుకోవలసినవి రెండు ఉన్నాయి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు సేవ మొదలైంది. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలై, మరుసటి సంవత్సరానికల్లా అన్ని జిల్లాలకూ వచ్చింది. తెల్లకార్డు ఉన్న మనిషి గుండె ఆపరేషను కోసం పొలం అమ్ముకోకుండా కార్పొరేటు ఆసుపత్రిలో చేరడం అంతకుముందు ఊహించలేనిది. దేశంలో ఎన్నో రాష్ట్రాలు దీన్ని చూసి నేర్చుకున్నాయి. ఈ పథకాన్ని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు.

అయితే దాని పునాది ఏమిటో చూడండి. ఆరోగ్యశ్రీని నడిపేది ప్రభుత్వ ఉత్తర్వులు, ఒక ట్రస్టు. శాసనసభ చేసిన హక్కుల చట్టం కాదు. అందుచేత ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. రాష్ట్ర విభజన తరువాత ఎన్టీఆర్ వైద్యసేవ, 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024 తరువాత డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కార్డు రంగు మారింది, బొమ్మ మారింది. చికిత్సల జాబితా, ఖర్చు పరిమితి కూడా మారుతూ వచ్చాయి. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. పెంచినందుకు సంతోషమే. కాని ఒక ఉత్తర్వుతో పెరిగినది ఇంకొక ఉత్తర్వుతో తగ్గవచ్చు కూడా.

పేరు ఏదైతేనేం, వైద్యం అందితే చాలదా అంటారేమో. అందని రోజులు కూడా వచ్చాయి కనుకనే ఈ మాట చెప్పవలసి వస్తోంది. 2024 మే నెలలోనూ, మళ్లీ 2025 అక్టోబరులోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు తమకు రావలసిన బకాయిలు పేరుకుపోయాయని చెప్పి ఈ పథకం కింద సేవలు ఆపివేశాయి. ప్రభుత్వంలో ఉన్న పార్టీ రెండుసార్లూ ఒకటి కాదు, కష్టం మాత్రం ఒకటే. చేసిన వైద్యానికి డబ్బు రాకపోతే మందులు, సిబ్బంది జీతాలు ఎలా అని ఆసుపత్రుల వాదన. అందులో నిజం ఉంది. విడతలుగా చెల్లిస్తున్నాం కదా అని ప్రభుత్వం వాదన. ఇద్దరి మధ్య చర్చలు జరుగుతున్న ఆ రోజుల్లో ఆపరేషను తేదీ దగ్గరపడిన మనిషి ఎవరిని అడగాలి? ఆ మనిషి చేతిలో కార్డు ఉంది. ఆ కార్డును ఈ రోజు చెల్లనివ్వకపోతే ఫలానావారు బాధ్యులు అని చెప్పే కాగితం మాత్రం లేదు.

ఇక్కడ రేషను బియ్యంతో పోల్చి చూడండి. చౌక డిపో బియ్యం కూడా ఒకప్పుడు పథకమే. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాక అది హక్కు అయింది. అర్హత ఉన్నవారికి బియ్యం ఇవ్వకపోతే దానికి బదులు భత్యం చెల్లించాలని ఆ చట్టంలోనే ఉంది. జిల్లాలో ఫిర్యాదులు వినే అధికారి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలని కూడా ఉంది. అలాగే 2005 సమాచార హక్కు చట్టం చూడండి. 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి, ప్రాణానికి సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి, ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున జరిమానా పడవచ్చు. ఒక కాగితం కోసం అడిగితే గడువు ఉంది, జరిమానా ఉంది. ఒక ఆపరేషను కోసం అడిగితే రెండూ లేవు. ఇది విడ్డూరం కాదా?

ఆసుపత్రికి రాకముందు

ఆరోగ్యం అంటే ఆసుపత్రి మాత్రమే కాదు. అసలు చాలా జబ్బులు కుళాయి దగ్గర, కాలవ గట్టున మొదలవుతాయి. 2020 డిసెంబరులో ఇక్కడికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఏలూరులో ఏమి జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఉన్నట్టుండి పిల్లలు, పెద్దలు మూర్ఛ వచ్చినట్టు పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కొందరిని విజయవాడకు తరలించారు. ఢిల్లీ నుంచి నిపుణులు వచ్చారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయన్నారు. పురుగుమందుల అవశేషాలను కూడా అనుమానించారు. నీళ్లా, కూరగాయలా, గాలా అన్న చర్చ చాలాకాలం నడిచింది. 2022 దాకా మన జిల్లాలోనే ఉన్న ఎ. కొండూరు మండలం తండాలలో మూత్రపిండాల జబ్బు సంగతీ అంతే. ఏళ్ల తరబడి తాగునీటినే అనుమానిస్తూ వచ్చారు.

ఇటువంటి పరిస్థితిలో ఏ చట్టం పనిచేయాలో తెలుసా? మన కోస్తా జిల్లాలకు వర్తించే ప్రజారోగ్య చట్టం 1939 నాటిది! మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు చేసిన చట్టమే పేరు మార్చుకుని ఆంధ్ర ప్రాంతపు ప్రజారోగ్య చట్టంగా కొనసాగుతూ వచ్చింది. తాగునీరు, మురుగు కాలవలు, అంటువ్యాధులు, దోమలు, తిరునాళ్లలో పారిశుద్ధ్యం అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాలానికి చాలా ముందుచూపున్న చట్టం. కాని పొలంలో కొట్టిన పురుగుమందు పంట కాలవలోకి, అక్కడి నుంచి మంచినీటి చెరువులోకి చేరే కథ 1939లో ఎవరికి తెలుసు? ఆ చట్టం పేరు విన్నవారు మన ఊళ్లో ఎంతమంది ఉంటారు?

కోవిడ్ వచ్చినప్పుడు కూడా ఇదే బయటపడింది. దేశం మొత్తం ఆధారపడినది బొంబాయి ప్లేగు కోసం 1897లో తెల్లదొరలు హడావుడిగా చేసిన నాలుగు సెక్షన్ల చిన్న చట్టం మీద, తుపానులు, భూకంపాలు మొదలైన వాటి కోసం 2005లో చేసిన విపత్తుల నిర్వహణ చట్టం మీద. ప్రైవేటు ఆసుపత్రుల్లో కోవిడ్ వైద్యానికి ధరలు ప్రభుత్వం ఉత్తర్వులతో నిర్ణయించవలసి వచ్చింది. విజయవాడలో కోవిడ్ కేంద్రంగా మార్చిన ఒక హోటలులో 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున మంటలు లేచి 10 మంది చనిపోయారు. హోటలును ఆసుపత్రిగా వాడేటప్పుడు మంటల జాగ్రత్తలు చూడవలసినది అగ్నిమాపక శాఖా, వైద్య శాఖా, నగరపాలక సంస్థా? ముందే తేల్చి ఉంచితే అడగవలసిన ప్రశ్న అది.

ఢిల్లీలో నాలుగుసార్లు తలుపు దాకా వచ్చి

జాతీయ ఆరోగ్య చట్టం ఆలోచన కొత్తది కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భోర్ కమిటీ తన నివేదికలో డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని చెప్పింది. 2009లో కేంద్ర ఆరోగ్యశాఖ జాతీయ ఆరోగ్య బిల్లు ముసాయిదా తయారుచేసింది. రోగుల హక్కులు, ప్రభుత్వాల బాధ్యతలు, జాతీయ, రాష్ట్ర ప్రజారోగ్య మండళ్లు, ఫిర్యాదుల పరిష్కారం అందులో ఉన్నాయి. అది చట్టం కాలేదు. 2011లో మన తెలుగువారైన డాక్టర్ కె. శ్రీనాథ్‌రెడ్డి గారి అధ్యక్షతన నిపుణుల బృందం అందరికీ ఆరోగ్యం అందించే మార్గం మీద నివేదిక ఇచ్చింది. 2015లో విడుదలైన కొత్త ఆరోగ్య విధానం ముసాయిదాలో ఆరోగ్య హక్కు చట్టం ప్రస్తావన ఉంది. 2017లో తుది విధానం వచ్చేసరికి ఆ మాట తీసివేసి, హక్కుకు బదులు భరోసా అన్నారు. ప్రభుత్వ ఖర్చును 2025 నాటికి జాతీయాదాయంలో 2.5 శాతానికి చేరుస్తామన్నారు. ఆ గడువు దాటిపోయింది, ఆ శాతం రాలేదు. విధానంలో రాసినది జరగకపోతే ఎవరినీ నిలదీయలేము. విధానానికీ చట్టానికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

దీని భారం ఎవరి మీద పడుతోంది? 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో ఆరోగ్యానికయ్యే ప్రతి 100 రూపాయలలో సుమారు 39 రూపాయలు కుటుంబాలే నేరుగా జేబులోంచి ఇస్తున్నాయి. 2013-14లో ఇది 64 రూపాయలుగా ఉండేది. తగ్గిన మాట నిజమే. కాని ఆ 39 రూపాయలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏ వస్తువు తాకట్టు మీద వస్తున్నాయో మీకు మాకంటే బాగా తెలుసు.

“రాష్ట్రాల సంగతి ఢిల్లీకెందుకు?”

ఇది తేలికగా తోసిపుచ్చదగిన అభ్యంతరం కాదు. రాజ్యాంగం ప్రకారం ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. వైద్య వృత్తి, మందులు, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పాకే అంటువ్యాధుల నివారణ మాత్రం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అన్నీ ఢిల్లీ చేతికి పోతే మేలు జరుగుతుందని మేమూ అనుకోవడం లేదు. 108, ఆరోగ్యశ్రీ పుట్టింది ఇక్కడే కదా. రాష్ట్రాలకు చొరవ లేకపోతే అవి వచ్చేవి కావు.

మరి జాతీయ చట్టం ఏమి చేయాలి? ఇంటికి నేలమట్టం లాంటిది వేయాలి. అంతకంటే కిందికి ఏ రాష్ట్రమూ దిగకూడదు; పైన ఎన్ని అంతస్తులు కట్టుకున్నా వారి ఇష్టం. అయితే దీనికి దారి ఉందా అంటే, ఒకటి ఇప్పటికే నడిచిన దారి ఉంది. 2010లో పార్లమెంటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. కొన్ని రాష్ట్రాలు కోరగా 252వ అధికరణం కింద చేసిన చట్టం అది. మిగిలిన రాష్ట్రాలు కావాలంటే తీర్మానం చేసి చేరవచ్చు. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు రెంటికీ అది వర్తిస్తుంది. అత్యవసర స్థితిలో వచ్చినవారిని నిలకడపరచే వైద్యం చేయాలని, ధరలు స్థానిక భాషలోనూ కనబడేలా పెట్టాలని దాని కింద నియమాలు ఉన్నాయి. బలహీనత ఏమిటంటే, చేరడం రాష్ట్రాల ఇష్టం కావడంతో దేశమంతటా ఒకేలా అమలు కాలేదు. ఆంధ్రప్రదేశ్‌కు అప్పటికే తన 2002 చట్టం ఉంది.

ఆ 2002 చట్టం పేరులోనే ప్రైవేటు అన్న మాట ఉంది. ప్రభుత్వ ఆసుపత్రులు దాని పరిధిలోకి రావు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కరిచిన పసికందు మరణించడం రాష్ట్రాన్ని కుదిపివేసింది. ప్రైవేటు నర్సింగ్‌హోములో అదే జరిగితే రిజిస్ట్రేషను రద్దు చేయడానికి ఒక చట్టం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగితే బదిలీలు, సస్పెన్షన్లు మాత్రమే. వినియోగదారుల చట్టం కూడా అంతే. 1995 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే చోటు దాని కిందికి రాదు. అంటే బాగా పేదవారు వెళ్లే చోటే ఫిర్యాదు దారి మూసుకుపోయింది.

మాలాంటి మిషన్ ఆసుపత్రుల మాటేమిటి అని మీరు అడగకముందే చెబుతాము. కొందరి దగ్గర డబ్బు తీసుకుని మరికొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రులు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయి. రావాలి కూడా. సేవ చేస్తున్నామన్న మాట జవాబుదారీతనం నుంచి తప్పించుకునే గొడుగు కాకూడదు. మీవారి రికార్డు అడిగితే, “ఉచితంగా చేస్తున్నాం కదా, ఇంకా ఏం కావాలి?” అనే హక్కు ఎవరికీ లేదు.

ఇంకొక చిన్న సంగతి. వైద్య సిబ్బంది మీద, ఆసుపత్రుల మీద దాడి చేసేవారిని శిక్షించడానికి మన రాష్ట్రంలో 2008లో చట్టం వచ్చింది. అది అవసరమే, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకు రక్షణ కావాలి. కాని చాలా గొడవలు ఎందుకు మొదలవుతాయి? ఏమి జరిగిందో చెప్పేవారు లేక, ఎవరికి చెప్పుకోవాలో తెలియక. వినే అధికారి ఒకరుంటే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

ఇతరులు ఏమి చేశారు?

థాయిలాండ్ చట్టం చేసేనాటికి అప్పుడే పెద్ద ఆర్థిక సంక్షోభం నుంచి బయటపడుతోంది. 2002లో ఆ దేశం జాతీయ ఆరోగ్య భద్రతా చట్టం చేసి, ఇతర పథకాలలో లేనివారందరికీ వైద్యాన్ని చట్టబద్ధమైన హక్కుగా ఇచ్చింది. అక్కడ కూడా ప్రభుత్వాలు చాలాసార్లు మారాయి, సైన్యం అధికారం చేజిక్కించుకున్న రోజులూ ఉన్నాయి. హక్కు మాత్రం నిలిచింది. ఆ చట్టంలో 41వ సెక్షను గురించి తోడు వచ్చినవారందరూ తెలుసుకోవాలి. చికిత్సలో హాని జరిగితే, తప్పు ఎవరిదో తేలేదాకా ఆగకుండా రోగికి ప్రాథమిక సహాయంగా కొంత డబ్బు ఇస్తారు. కుటుంబం కోర్టు చుట్టూ తిరగనక్కరలేదు, డాక్టరును దోషిగా నిలబెట్టనక్కరలేదు. మన చట్టంలోకి ముందుగా తెచ్చుకోవలసినది ఇదేనని మా అభిప్రాయం.

మన దేశంలోనే రాజస్థాన్ 2023 మార్చిలో ఆరోగ్య హక్కు చట్టాన్ని ఆమోదించింది. వెంటనే ప్రైవేటు డాక్టర్లు పెద్ద ఎత్తున ఆందోళన చేశారు. ముందుగా డబ్బు కట్టించుకోకుండా అత్యవసర వైద్యం చేస్తే ఆ ఖర్చు ఎవరిస్తారన్నది వారి ప్రశ్న. చివరికి ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, ప్రభుత్వ సాయం పొందని చాలా ప్రైవేటు ఆసుపత్రులను మినహాయించడానికి ప్రభుత్వం అంగీకరించింది. డాక్టర్లను స్వార్థపరులని తిట్టడం తేలిక. కాని నెట్‌వర్క్ బకాయిల కథ చూసిన మనకు వారి భయం అర్థమవుతుంది. హక్కు రాసిన పేజీలోనే డబ్బు ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల్లో వస్తుందో, ఆలస్యమైతే వడ్డీ ఎంతో కూడా రాయాలి. లేకపోతే ఆ హక్కు క్యాజువాలిటీ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

చట్టం వస్తే చాలా? చాలదు. 1939 చట్టం బీరువాలో ఉండి ఏలూరులో ఎవరినీ కాపాడలేదు. అధికారి పేరు, గడువు, డబ్బు ఈ మూడూ లేని చట్టం గోడమీది క్యాలెండరుతో సమానం. ఇంకొకటి, ఆ అధికారి మీకు అందుబాటులో ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు గన్నవరం కృష్ణా జిల్లాలో, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో పడ్డాయి. ఆ గీత తరువాత గన్నవరం మనిషి విజయవాడ ఆసుపత్రి మీద ఫిర్యాదు చేయాలంటే మచిలీపట్నం వెళ్లాలా, విజయవాడ వెళ్లాలా? రోగి ఏ గేటులోంచి లోపలికి వెళ్లాడో ఆ గేటు దగ్గరే ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి.

ఇవి మీ పార్లమెంటు సభ్యుడిని అడగదగిన ప్రశ్నలు. ఎన్నికలప్పుడు కార్డు పరిమితి ఎంత పెంచుతారని అందరం అడుగుతాము. ఆ కార్డు చెల్లకపోతే ఎవరు జవాబు చెబుతారు, అది ఏ చట్టంలో ఉంది అని కూడా అడగండి.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్నవి

చట్టం వచ్చేదాకా ఊరకే కూర్చోనక్కరలేదు. ఇప్పుడు కూడా కొన్ని హక్కులు ఉన్నాయి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం మీరు గాని మీరు అధికారమిచ్చినవారు గాని అడిగితే 72 గంటల్లో రోగి రికార్డులు ఇవ్వాలి. రాతపూర్వకంగా అడగండి, ఒక కాపీ మీద తేదీ వేయించి దగ్గర పెట్టుకోండి. జాతీయ మానవహక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. దాన్ని అమలు చేయమని కేంద్రం 2019లో రాష్ట్రాలకు రాసింది. చికిత్సకు ముందే ఖర్చు అంచనా తెలుసుకోవడం, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం, బిల్లు బాకీ ఉందని రోగిని గాని దేహాన్ని గాని ఆపకుండా ఉండడం అందులో ఉన్నాయి. డబ్బు కట్టిన చోట లోపం జరిగితే రెండేళ్ల లోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

అన్నిటికంటే ముఖ్యంగా, మిమ్మల్ని ఇంకో ఆసుపత్రికి పంపిస్తున్నప్పుడు ఉత్త చేతులతో అంబులెన్సు ఎక్కకండి. రిఫరల్ చీటీ అడగండి. ఎందుకు పంపుతున్నారో, అప్పటికి రోగి నాడి, రక్తపోటు ఎంత ఉన్నాయో, ఏ మందు ఏ సమయానికి ఇచ్చారో అందులో ఉండాలి. చీటీ మీద గంట, నిమిషం వేయలేదా? వేసి సంతకం చేసి ఇవ్వమని మర్యాదగా అడగండి. మా ఆసుపత్రిలోనైనా సరే.